ఏడో సీసా

ఆ గదిలో ఏడాది పొడుగునా ఒకటే ఋతువు. బయట వాన కురిసినా, ఎండ మాడ్చేసినా, కిటికీ అద్దాలకు మంచు పట్టినా, లోపల మాత్రం మనిషి ఒంటి వేడి. అర డిగ్రీ ఎక్కువా కాదు, తక్కువా కాదు. తలుపు తోసుకుని లోపలికి అడుగుపెడితే ఎవరి ఒళ్ళోనో కూర్చున్నట్టుంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళకు పావుగంటలో ఆవలింతలు మొదలవుతాయి. సీసాలక్క తొమ్మిదేళ్ళుగా ఆ వెచ్చదనంలోనే పనిచేస్తోంది, ఆవిడ ఆవలించగా చూసినవాళ్ళు లేరు. మెలకువలోనే కలలు కంటుంది, అది వేరే సంగతి.

ఆవిడ అసలు పేరు హాజరు పుస్తకంలో ఉంటుంది. అక్కడ పనిచేసేవాళ్ళలో ఆవిడకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా "సీసాలక్కా" అనే పిలుస్తారు. పిలిస్తే పలుకుతుంది. బారసాలలో పెట్టిన పేరుకంటే పనిలో వచ్చిన పేరే నయమని ఆవిడ అభిప్రాయం.

గది మధ్యలో నీళ్ళతొట్టి. అందులో మెడలదాకా మునిగి ఎనిమిది గాజు సీసాలు. ఒక్కో సీసాలో ఉప్పునీళ్ళు, ఆ నీళ్ళలో వెంట్రుకకంటే కాస్త లావుపాటి తీగ ఒకటి. తీగ పొడుగునా ప్లాటినం చుక్కలు, ఆవగింజను పది ముక్కలు చేస్తే ఒక ముక్కంత. వాటి మీద కొత్తరకం పూత. వినపడనివాళ్ళకు ఆపరేషన్ చేసి, చెవి లోపల నత్తగుల్లలా చుట్టుకున్న చోట అమర్చే తీగ అది. పైన పెట్టుకున్న యంత్రం మాటల్ని కరెంటు చిటికెలుగా మారిస్తే, ఆ చుక్కలు వాటిని నరానికి అందిస్తాయి. మన ఒంట్లో ఉండేదీ ఉప్పునీరే. కాబట్టి పూత ఒంట్లో నిలుస్తుందో లేదో ముందు సీసాలో చూడాలి. రాత్రింబవళ్ళు చిటికెలు పంపిస్తూ పన్నెండు వారాలు.

రోజూ పొద్దున్నే సీసాలక్క ఒక్కో తీగకూ మీటరు తగిలించి, కరెంటుకు ఎంత అడ్డు తగులుతోందో చూసి ఆ అంకె రాస్తుంది. పూత గట్టిగా ఉంటే అంకె కదలదు. ఊడడం మొదలైతే పెరుగుతుంది. చార్టు మీద ఎర్రగీత దాటిందా, ఆ తీగను బయటికి తీసి మైక్రోస్కోపు కింద పెట్టాలి. దాటకపోతే మాత్రం పన్నెండు వారాలు నిండేదాకా దాన్ని కదపకూడదు, కదిపితే పరీక్ష పోయినట్టే.

ఈసారి తొట్టి కొత్తది. పాతదాంట్లో సీసాలకు రబ్బరు రింగుల మూతలుండేవి, చుక్క నీరు బయటికి పోయేది కాదు. కొత్తవాటివి వదులు మూతలు. వేడికి నీళ్ళు ఆవిరై తగ్గుతుంటాయి. అందుకని సీసాల మెడ దగ్గర గీత గీసి, "గీత వరకు నింపవలెను" అని గోడకు ఒక కాగితం అంటించారు. మూడో సీసా ఒట్టి తాగుబోతు, రోజు విడిచి రోజు పొయ్యాలి. ఐదోది మర్యాదస్తురాలు, వారానికి రెండుసార్లు చాలు. ఏడోది అసలు తాగదు. మొదటిరోజే దాని మూత జారి పగిలితే, గాజుసామాన్లు కడిగే తాత అటక మీంచి పాత మూత ఒకటి దించి బిగించాడు. "చూడమ్మా, అందరికీ టోపీ అయితే దీనికి తలపాగా" అని నవ్వాడు. మిగతా ఏడింటికీ సీసాలక్క చిన్న గరాటా పెట్టి, ఉప్పునీళ్ళ డబ్బాలోంచి కొద్దికొద్దిగా పోసి, గీత దగ్గర కన్ను పెట్టి చూసి, చాలనుకున్నాక మూతి తుడిచేది. చంటిపిల్లలకు పాలు పట్టే ఓపిక అది.

పని అయ్యాక ఒక్కో తీగకూ చిన్న స్పీకరు తగిలించి చిటికెలు సరిగ్గా పడుతున్నాయో లేదో వింటుంది. దూరంగా ఎక్కడో రేకుల మీద చినుకులు పడుతున్న చప్పుడు. కళ్ళు మూసుకుంటే ఆ సీసాల్లో తీగలు కాదు, ఎనిమిది చెవులు మునిగి ఉన్నట్టూ, ఎవరో ఏదో చెబుతారని ఊపిరి బిగబట్టి వింటున్నట్టూ తోచేది. ఏం చెప్పాలో తెలియక "ఇంకొన్నాళ్ళేనమ్మా" అనేది వాటితో.

పదకొండు వారాలు అలా గడిచాయి. ఆ సోమవారం పొద్దున ఏడో సీసా ఎర్రగీత దాటింది.

మీటరు తీసి మళ్ళీ పెట్టింది. మూడుసార్లు చూసింది. అదే అంకె. నాలుగు వారాలుగా ఏడోది మెల్లగా పైకి పాకుతూనే ఉంది, సర్దుకుంటుందిలే అనుకుంటూ వచ్చింది. ఇక తప్పదు. తీగను తోక దగ్గర పట్టకారుతో పట్టుకుని పైకి తీసి మైక్రోస్కోపు కింద పరిచింది. నాలుగో చుక్క అంచున పూత లేచి ఉంది, తడిసిన గోడమీద సున్నం పెచ్చులా.

కబురు పెడితే చార్టు సారు వచ్చాడు. ఆ విభాగానికి అధికారి. వయసులో ఆవిడకంటే చిన్న, చంకలో చుట్టిన చార్టు లేకుండా ఎవరికీ కనపడడు. చెడ్డవాడేం కాదు. తొందర మనిషి. కన్ను మైక్రోస్కోపుకు ఆనించి, ఆరు సెకన్లు చూసి లేచాడు.

"పట్టకారు తగిలిందక్కా."

"లేదు సార్. నేను చుక్కల జోలికే వెళ్ళను. తోక దగ్గరే పట్టుకుంటాను."

"అమర్చేటప్పుడు తగిలుంటుంది. నువ్వే చూడు." చార్టు విప్పి బల్లమీద పరిచాడు. ఏడు గీతలు తాడు కట్టి లాగినట్టు తిన్నగా ఉన్నాయి. ఏడో సీసాది ఒక్కటే కొండెక్కుతోంది. "ఒకే పూత, ఒకే రోజు వేశారు. పూత తప్పయితే ఎనిమిదీ పోవాలి కదా? ఏడు బాగుండి ఒక్కటి పోయిందంటే ఏమనుకోవాలి?"

సారు జేబులోంచి పెన్ను తీశాడు. ఫారంలో ఎనిమిది వరసలు, చివర "కారణం" అని ఒక గడి. ఏడో వరస గడిలో "చేతి పొరపాటు" అని రాసి కింద గీత గీశాడు.

"కంగారు పడకు. ఎవరూ ఏమీ అనరు. మనుషులన్నాక చేతులు జారవా?" అని నవ్వి వెళ్ళిపోయాడు.

తిట్టినా బాగుండేది. చెయ్యని తప్పుకు తిడితే ఎదురు తిరగొచ్చు, క్షమించేస్తే ఏం చెయ్యాలి? సీసాలక్క చాలాసేపు తన చేతులకేసి చూసుకుంది. తొమ్మిదేళ్ళలో ఆ చేతులు ఒక్క తీగను వంచలేదు. ఇంట్లో పళ్ళేలు పగలగొట్టాయి, ఒప్పుకుంటుంది. ఇక్కడ మాత్రం లేదు.

మంగళవారానికి ఆ మాట భవనమంతా పాకింది. టీ దగ్గర ఒకడు "అక్కా, కప్పు జాగ్రత్త, చేతి పొరపాటు" అన్నాడు. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది, నవ్వకపోతే ఇంకా నవ్వుతారని.

ఆ మధ్యాహ్నమే బట్టలు కుట్టే ఆవిడ వచ్చింది. నెలకోసారి వచ్చి పక్కగదిలో కూర్చుని, వినిపించిన శబ్దాల గురించి చెప్పి వెళ్ళే మనిషి. కుడిచెవికి పాతరకం తీగ అమర్చి ఆరేళ్ళయింది. ఎడమచెవి ఇప్పటిదాకా ఖాళీ. కొత్తపూత తీగ మొదట వెయ్యబోయేది ఆవిడకే, వచ్చే సోమవారం. పరీక్ష ఈ వారంతో ముగిసి, ఫారం మీద సంతకాలు పడితే చాలు. పని అయ్యాక ఎప్పటిలాగే సీసాల గదిలోకి తొంగి చూసింది.

"ఏవీ, నా సీసాలు?" అంది గట్టిగా. తన గొంతు తనకు చాలదు కాబట్టి ఆవిడ ఏది చెప్పినా గదంతా వినాల్సిందే.

సీసాలక్క స్టూలు లాగి కూర్చోబెట్టి స్పీకరు తగిలించింది. ఆవిడ కుడిచెవి దగ్గర పెట్టుకుని తల వాల్చి వింది.

"మా మిషను తొక్కుతున్నట్టే ఉంది," అంది మురిసిపోతూ. గది వెచ్చదనానికి కళ్ళు సగం మూతపడ్డాయి. "మొదట్లో మా అమ్మాయి గొంతు ఇదిగో, ఇక్కడుండేదండీ, భుజం మీద. రెండో ఏడు పక్కగదిలోకి పోయింది. ఇప్పుడు ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నా వీధి చివరినుంచి పిలుస్తున్నట్టుంటుంది. పూత పోతోందట. తీసి ఇంకోటి వెయ్యడం అంత తేలిక కాదట." ఎడమచెవి తమ్మెను వేళ్ళతో పట్టుకుంది. "దీన్ని మాత్రం మీ చేతుల్లో పెట్టాను. మీ చేతులు మంచివని తాత చెప్పాడు."

సీసాలక్క చేతులు కొంగు కిందకు పోయాయి.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు వాకిట్లో కుర్చీ వేసుకుని బఠాణీలు ఒలుస్తోంది. కోడలి మొహం చూడగానే పక్కనున్న పీట కాలితో ముందుకు తోసింది. అంటే కూర్చుని చెప్పమని. సీసాలక్క కూర్చుంది. ఒలుస్తూ అంతా చెప్పింది.

"పూత తప్పయితే పరీక్ష పోతుంది. నా చెయ్యి తప్పయితే పరీక్ష గట్టెక్కుతుంది. అందుకని నా చేతిమీదకు నెట్టేశారు అత్తయ్యా. నేను ముట్టుకోలేదు, నిజం."

"ముట్టుకోలేదని నువ్వు ఒట్టేసినా, నీ మొహం మాత్రం గుమ్మడికాయల దొంగలా ఉంది," అంది అత్తగారు. కోడలు కళ్ళు తుడుచుకోవడం చూసి మెత్తబడింది. "అది కాదే. చేసిన పాపం చెప్పుకుంటే పోతుందంటారు. చెయ్యనిది ఎవరికి చెప్పుకుంటే పోతుంది? దాన్ని అక్కడే వదిలెయ్. చేసినవాటికి ఏడవడానికే నాకు ఈ వయసులో టైము చాలడం లేదు." చివరి కాయ ఒలిచి, గింజ నోట్లో వేసుకుని లేచింది.

బుధవారం కడిగే తాత తడిగుడ్డతో తొట్టి చుట్టూ తుడుస్తున్నాడు. తుడుస్తూ సీసాలతో పోట్లాడడం ఆయనకు అలవాటు.

"ఏడూ ఏడే! మూతులకు ఎంత తెల్లగా పేరుకుంటుందో చూడు. నిన్ననే కదా గీకాను! ఏడో నంబరొక్కతే బంగారుతల్లి. పదకొండు వారాలు నా చేత ఒక్కసారి తుడిపించుకోలేదు. అటువంటిది దానికే వచ్చింది చూడమ్మా రోగం."

అంకెలు రాస్తున్న సీసాలక్క పెన్ను ఆగింది.

"ఏమిటి తాతా పేరుకునేది?"

"ఏముంటుంది? ఉప్పు."

ఆవిడ గాజుపలక ఒకటి తీసింది. మూతలకున్న చిన్న బెజ్జాల్లోంచి, ఏడోదానికి మాత్రం మూత విప్పి, ఒక్కో సీసా నీటినీ ఒక్కో చుక్క పీల్చి, పలకమీద వరసగా పెట్టింది. ఎనిమిది చుక్కలు, కింద ఎనిమిది నంబర్లు. కిటికీ గట్టుమీద ఎండలో పెట్టి పక్కనే నిలబడింది. తాత ఏదో అడిగాడు, వినిపించలేదు. ఎండలో చుక్కలు మెరుస్తూ, మెల్లగా కుంచించుకుపోతూ, ఒక్కొక్కటే కన్ను మూసుకున్నాయి. పక్కగదిలో ఎవరో నవ్వారు. మేఘం ఒకటి అడ్డొచ్చి తప్పుకుంది. ఎంతసేపయిందో ఆవిడకు తెలియదు.

నీళ్ళు పోయాక ఉప్పు మిగిలింది. ఏడో నంబరు దగ్గర పల్చటి వలయం, ఊదితే ఎగిరిపోయేటట్టు. మిగతా ఏడింటి దగ్గరా మందంగా, తెల్లగా, సున్నపు బొట్లు.

మొదట వచ్చింది సంతోషమే. ఎంత సంతోషమంటే తాత భుజం పట్టుకుని ఊపేసింది. ఏడోది అబద్ధం చెప్పలేదు! దాని నీళ్ళు ఎంత ఉప్పుండాలో అంతే ఉన్నాయి, కాబట్టి అది చూపించిన అంకే నిజం. మిగతావాటిలో ఉప్పు ఎక్కువై, కరెంటుకు దారి సులువై, పూత ఊడుతున్నా అంకె పెరగకుండా నిలబడింది. తన పట్టకారు ఎక్కడా తగల్లేదు. తన చెయ్యి తప్పు చెయ్యలేదు.

రెండో ఊపిరి తీసుకునేలోపే ఆ సంతోషం కాస్తా నీరుగారిపోయింది. మరి ఆ ఉప్పు ఎక్కడినుంచి వచ్చింది?

ఆవిరయ్యేది నీళ్ళే. ఉప్పు ఎక్కడికీ పోదు, సీసాలోనే ఉంటుంది. తగ్గినప్పుడల్లా ఉత్త నీళ్ళు, డిస్టిల్డ్ వాటర్ పొయ్యాలి. ఉప్పునీళ్ళు తగ్గాయి కదా అని తను ఉప్పునీళ్ళే పోసింది. రోజు విడిచి రోజు, పదకొండు వారాలు, కన్ను గీతకు ఆనించి మరీ పోసింది. ఇంట్లో కూర ఇగిరితే మళ్ళీ ఉప్పు వేస్తుందా? ఈ మాత్రం తెలియక కాదు. సీసాలో ఉన్నది కూర అని తట్టలేదు, అంతే. గోడమీద కాగితం వైపు చూసింది. గీత వరకు నింపవలెను. దేనితో అని లేదు. అడగాలని తనకూ తోచలేదు.

పలకమీద గుడ్డ కప్పి సొరుగులో పెట్టింది. సొరుగు మూసి అక్కడే నిలబడింది. ఇప్పుడు ఊరుకుంటే ఎవరికీ తెలియదు. చేతి పొరపాటు అన్న రెండు మాటలు ఎప్పుడో క్షమించేశారు, పది రోజులకు టీ దగ్గర జోకులు కూడా పాతబడతాయి. నోరు తెరిస్తే తొమ్మిదేళ్ళ పేరు పోతుంది. చెయ్యని తప్పు చిన్నది. చేసింది పెద్దది. చిన్నదాన్ని దులుపుకోవాలంటే పెద్దదాన్ని నెత్తినెత్తుకోవాలి. ఇదేం లెక్కరా దేవుడా అనుకుంది.

తర్వాత భుజం మీద కూర్చునే గొంతు గుర్తొచ్చింది. అది పక్కగదికి, అక్కణ్ణుంచి వీధి చివరికి పోవడం గుర్తొచ్చింది. ఆ రాత్రి నిద్రపట్టినా చిటికెలు వినపడుతూనే ఉన్నాయి.

గురువారం పొద్దున్నే చార్టు సారు బల్లమీద పలక పెట్టింది. చెప్పాల్సింది చెప్పింది. మధ్యలో ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని ఆగకుండా చెప్పింది. సారు వింటూ వింటూ చంకలో చార్టు తీసి బల్లమీద పెట్టాడు. అది దొర్లి కింద పడినా వంగలేదు.

"ఎవరికైనా చెప్పావా?"

"ముందు మీకే సార్."

"ఆ గోడమీద కాగితం రాసింది నేను," అన్నాడు చివరికి. తర్వాత గొంతు తగ్గించాడు. "అక్కా, నీ మంచికే చెబుతున్నా. ఏడోది ఒక్క లైను. జనం మర్చిపోతారు. ఇది పదకొండు వారాల పని. పైవాళ్ళు నిన్ను తొట్టి దగ్గరకు రానిస్తారనుకున్నావా? ఏడోదాని ఉప్పే తేడాగా ఉందేమో. ఇంకోసారి ఆలోచించు."

"ఆలోచించే వచ్చాను. సోమవారం ఆవిడ చెవి సార్."

సారు కిటికీలోంచి బయటికి చూశాడు. ఆయన భయం ఆయనకుంది, పాపం. కాసేపటికి లేచి, ఆవిడకంటే ముందే సీసాల గదివైపు నడిచాడు.

ముందు మూడోది తీశారు. మైక్రోస్కోపు కింద ఈసారి సారు ఆరు సెకన్లు కాదు, చాలాసేపు చూశాడు. నాలుగో చుక్కే కాదు, ఆరోదీ తొమ్మిదోదీ పెచ్చులు లేచాయి. తర్వాత ఒకటోది. తర్వాత ఐదోది, ఆ మర్యాదస్తురాలు కూడా. మధ్యాహ్నానికి ఏడు తీగలూ బయట ఉన్నాయి. తొట్టి ఖాళీ. పదకొండు వారాల తర్వాత స్పీకరులో చినుకులు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దానికి సీసాలక్క చెవులు గింగురుమన్నాయి.

సారు ఫారం ఆవిడ ముందుకు జరిపి, తన పెన్నే ఇచ్చాడు.

ఏడో వరసలో "చేతి పొరపాటు" అన్న మాటను ఆవిడ ఒక గీతతో కొట్టేసి, పక్కన "పూత ఊడినది" అని రాసింది. రాస్తుంటే నాలుగు రోజుల మంట చల్లారింది, అది నిజం. తర్వాత పెన్ను పైకి పోయింది. ఒకటో వరసలో "చేతి పొరపాటు. ఉప్పునీరు పోసినది నేను" అని రాసింది. రెండు. మూడు. నాలుగు. ఐదు. ఆరు. ఏడును దాటి ఎనిమిది. ఏడుసార్లూ అదే మాట, ఎక్కడా "పైన చెప్పినట్లే" అని పెట్టకుండా పూర్తిగా రాసింది. కింద సంతకం చేసింది. సారు కాగితం తీసుకుని, నిలబడే ఇంకో లైను చేర్చాడు. "ఏ నీరు పోయవలెనో రాయనిది నేను."

తలుపు దగ్గర నిలబడ్డ తాత తల ఊపాడు. "తిలా పాపం తలా పిడికెడు. ఆ పగిలిన మూతకు పాతది బిగించింది నేను, నాకూ ఓ గడి ఉందా బాబూ?" ఎవరూ నవ్వలేదు గాని, గదిలో గాలి కాస్త కదిలింది.

శుక్రవారం బట్టలు కుట్టే ఆవిడ పిలవకుండానే వచ్చింది. ఆపరేషన్ లేదని ఆసుపత్రివాళ్ళు చెప్పారట. ఎందుకో చెప్పలేదట. మెడలో కొలత టేపు తియ్యడం కూడా మర్చిపోయి, తిన్నగా సీసాల గదిలోకి వచ్చేసింది. ఖాళీ తొట్టి చూసి నిలబడిపోయింది.

"ఏమైంది? ఎవరి తప్పు?"

"పరీక్షలో చిన్న ఇబ్బంది..." చార్టు సారు మొదలుపెట్టాడు.

"నాదేనండి," అంది సీసాలక్క.

ఆవిడ అటు తిరిగి చూసింది. జుట్టు వెనక్కి తోసి కుడిచెవి ముందుకు పెట్టింది. "సరిగా వినపడలేదు. ఇటు వచ్చి చెప్పండి. గట్టిగా."

సీసాలక్క తొట్టి చుట్టూ తిరిగి వచ్చింది. నాలుగడుగులే. ఆవిడ కుడిభుజం పక్కన నిలబడి, గదంతా, పక్కగది కూడా వినేటట్టు చెప్పింది. "తప్పు నాదండి. పొయ్యకూడని నీళ్ళు పోశాను. పూత బాగుందని అందరం అనుకునేలా చేశాను. పూత బాగాలేదు. అది మీ చెవిలోకి వెళ్ళకూడదు."

ఆవిడ కళ్ళు మూసుకుని వింది. అయిపోయాక కూడా తెరవలేదు. కొలత టేపు చివర వేలికి చుట్టింది, విప్పింది.

"వేయించుకుని ఉంటే, ఏడాదికల్లా మళ్ళీ వీధి చివరికేనా?"

"అంతేనండి. ఏడాది కూడా పట్టేది కాదేమో."

"మళ్ళీ పరీక్ష ఎన్నాళ్ళు?"

"కొత్త పూత వచ్చాక పన్నెండు వారాలు."

"చూసేది ఎవరు?"

సారు గొంతు సవరించుకుని, అది పైవాళ్ళు తేలుస్తారని, ప్రస్తుతానికి అక్కను తొట్టి దగ్గరకు వెళ్ళొద్దన్నారని చెప్పాడు. ఆవిడ కళ్ళు తెరిచి, ఆయన పెదవులు చివరిదాకా చూసి, ఎడమచెవి తమ్మె పట్టుకుంది.

"పైవాళ్ళకు నేనూ ఒక కాగితం రాసిస్తాను," అంది ఎప్పటిలాగే గదంతా వినేటట్టు. "ఈ చెవి నాది. ఎవరి చేతుల్లో పెట్టాలో నాకు తెలుసు. ఈవిడ చూస్తేనే వస్తాను."

సీసాలక్క ఆవిడ భుజం పక్కనే అలా నిలబడిపోయింది. కాసేపటికి అటకకు నిచ్చెన వేసిన చప్పుడైంది. తాత రబ్బరు రింగుల పాతమూతలు ఏడు దించుకొచ్చి, తొట్టి పక్కన కూర్చుని కడగడం మొదలుపెట్టాడు.